ఇంజను పూజకు పోయిన మనిషి

దసరా నాడు పొద్దున్నే సిద్ధిరాములు ఎల్లారెడ్డిలో బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డ సంచి. అందులో కొబ్బరికాయ, ఊదుబత్తులు, పసుపు కుంకుమల పొట్లాలు. దారిన పోతున్న పొరుగింటి కిష్టయ్య ఆగాడు.

"ఏందిరా, ఇంజన్ పూజకేనా?"

"అవునన్నా."

"పో పో. ఏడాదికొక్క కాయన్న కొట్టకుంటే అలుగుతది, మా ఇంటిదాని లెక్క."

ఇద్దరూ నవ్వారు. కిష్టయ్య తన దారిన పోయాడు.

దసరా నాడు నాగలి పట్టేవాడు నాగలికి, కత్తెర పట్టేవాడు కత్తెరకు, ఇంజను నడిపేవాడు ఇంజనుకు బొట్టు పెట్టి మొక్కుతారు. ఆ రోజు దానితో పని చేయించరు. సిద్ధిరాములును చూసినవారు అతడూ అందుకే పోతున్నాడనుకున్నారు. పాఠకులకు మాత్రం ఉన్నమాట చెప్పాలి. సిద్ధిరాములుకు మొక్కడానికి ఇంజను లేదు.

అతడు కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లులో ఆయిల్ ఇంజను నడిపేవాడు. నాట్లు పడే రోజుల్లో మిల్లు యజమానులైన అన్నదమ్ములు పంపకాల దగ్గర తగువు పడి మిల్లుకు తాళం వేశారు. ఆ సంగతి సిద్ధిరాములు ఇంట్లో చెప్పలేదు. కామారెడ్డిలోనే ఉండి స్టేషన్‌లో బస్తాలు మోశాడు. తీరిక దొరికినప్పుడు తక్కిన మిల్లుల గేట్ల దగ్గర నిలబడ్డాడు. గేటు మనుషులు లోపలికి పోనివ్వలేదు. బతుకమ్మ మొదలయ్యాక అందరిదీ ఒకటే మాట: "పండుగ ఎల్లనియ్యి." ఆ మాట విని అతనికి బాధ కలగలేదు. అడగకుండా ఉండడానికి ఒక సాకు దొరికింది. మిల్లు వాళ్లు సెలవిచ్చారని చెప్పి ఊరికి వచ్చేశాడు. భార్య నాగవ్వ బతుకమ్మకని గాంధారిలో పుట్టింట్లో ఉంది. ఇంట్లో తల్లి లక్ష్మీనర్సమ్మ ఒక్కతే.

అయితే ఒకటి మరిచాడు. ఏటా అతడు మిల్లులో పూజ ముగించుకుని, జమ్మి వేళకు ఊరు చేరేవాడు. ఈసారి దసరా నాడు పొద్దున ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

"ఇంజన్‌కు కాయ ఎవలు కొడ్తరు కొడకా?" అని అడిగింది తల్లి.

"వేరేటోళ్లు కొడ్తరవ్వా."

"నీకు అన్నం పెట్టేది అది. వేరేటోళ్లు కొడితే ఎట్ల? లే, పొయ్యి రా." సంచి ఆమే సర్దింది.

కామారెడ్డిలో దిగి, ఎక్కడైనా కాసేపు కూర్చుని తిరిగి పోదామనుకున్నాడు. కాళ్లు అలవాటుగా స్టేషన్ వైపు నడిచాయి. పాత మిల్లుకు తాళం అట్లాగే ఉంది. రోడ్డు అవతల ఇంకో మిల్లు. దాని గేటు బార్లా తెరిచి ఉంది. పోయిన నెలలో రెక్క పట్టి బయటికి నెట్టిన గేటు మనిషే, "రా అన్నా, ప్రసాదం తీసుకో" అన్నాడు. పూజ నాడు ఎవరినీ ఆపరు.

లోపల ఇంజనుకు బొట్లు పెట్టి ఉన్నాయి. చక్రానికి బంతిపూల దండ. సిద్ధిరాములు కాయ కొట్టి మొక్కాడు. మిల్లు వ్యవహారం చూసే మునీం లింగయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవలు నువ్వు? మా మనిషివి గాదు."

మొక్కుదామని వచ్చానంటే సరిపోయేది. పండుగ పూట చెయ్యి చాపితే ఏడాదంతా చాపుడేనని తల్లి అనే మాట కూడా గుర్తుకొచ్చింది. కానీ ఎదురుగా ఇంజను ఉంది; దాని ముందు దాచబుద్ధి కాలేదు.

"ఇంజన్ నడిపేటోణ్ణి మునీం సాబ్. ఎదురు మిల్లుల చేసిన. తాళం పడ్డది. ఇప్పుడు పని లేదు."

ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదటిసారి.

ప్రసాదం తింటున్న హమాలీ ఒకడు నవ్వాడు. "పండుగ నాడు నౌకరి అడుగ వచ్చినవా? ఇయ్యాల ఇంజన్‌కే ఛుట్టీ!"

"ఇంజన్‌కు ఛుట్టీ అన్నా. కడుపుకు లేదు."

లింగయ్య నవ్వలేదు. ఎన్నేండ్లు చేశావని, ఎందుకు ఆగిందని అడిగాడు. "కొత్త వడ్లొస్తే రాత్రి పాళీకి ఒక మనిషి గావాలె. పండుగ ఎల్లినంక పదిమంది వచ్చి గేటు కాడ నిలబడ్తరు. ఇయ్యాల నువ్వొక్కనివే వచ్చినవు. ఎల్లుండి వచ్చి నడిపి చూపెట్టు. నచ్చితే ఉంటవు. లేకుంటే లేదు."

పొద్దుగూకే వేళకు సిద్ధిరాములు ఊరు చేరాడు. మహమ్మద్‌నగర్ నుంచి అక్క తార, బావ గంగారాం వచ్చి ఉన్నారు. గంగారాం అక్కడ ఒక పటేలు చెరుకు తోటలో పనిచేస్తాడు. బామ్మర్ది చేతిలో జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, పెద్ద మిల్లు దొరవు! ఇంజన్ మంచిగున్నదా?"

పొద్దున ఒకసారి అన్న మాట ఇప్పుడు అంత బరువనిపించలేదు. "ఇంజన్ లేదు బావా. నాట్లప్పుడే మిల్లు బందయింది. అప్పటిసంది స్టేషన్ల బస్తాలు మోస్తున్న."

గంగారాం చేతులు వదిలాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"నాట్లప్పుడా? మా పటేలు గానుగకు ఇంజన్ తెచ్చి, నడిపే మనిషి దొరకక ఎంత తండ్లాడిండో నీకెరుకేనా? నన్నే అడిగిండురా. నీ పేరు నోటిదాంక వచ్చింది. పెద్ద మిల్లు ఇడిసిపెట్టి వీడు గానుగకొస్తడా అని మింగిన. ఇందూరు నుంచి ఎవన్నో తెచ్చుకున్నరు. ఒక్క మాట చెప్పకపోతివి."

సిద్ధిరాములు జమ్మి ఆకు తల్లి చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. "నువ్వు వద్దన్న పనే చేసిన అవ్వా. పండుగ పూట పని అడిగిన. ఎల్లుండి రమ్మన్నరు."

లక్ష్మీనర్సమ్మ ఆకును కొంగున ముడివేసుకుంది.

"నేనన్నది తప్పు కొడకా. పని అడుగుడు బిచ్చం గాదు. పండుగని ఆగితే ఆకలి ఆగుతదా? నాకు చెప్పుతానికి సిగ్గుపడ్డవు. బస్తాలు మోసుకుంట ఒక్కనివే తిరిగినవు. చేసిన తప్పు అదే."

"ఈసారి మింగను," అన్నాడు గంగారాం. "ఆ ఇందూరోడు నిలవకుంటే మొదలు నీ పేరే చెప్త."

మూడోనాడు పొద్దున సిద్ధిరాములు మళ్లీ బస్సు ఆగే చోట నిలబడ్డాడు. కిష్టయ్య ఎదురుపడ్డాడు.

"పండుగ ఒడిసిందా? డ్యూటీకా?"

"లేదన్నా. పని పోయింది. కొత్త పని అడుగ పోతున్న."

కిష్టయ్య నవ్వబోయి ఆగాడు. "అట్లనా? మా వియ్యంకుని ఊర్ల కూడ ఇంజన్ పెడ్తరంటున్నరు. అంగడి నాడు కలుస్తడు. అడిగి చెప్త, ఉండు."

బస్సు వచ్చింది. సిద్ధిరాములు ఎక్కాడు. కామారెడ్డిలో ఆ పని దొరికిందా లేదా అన్నది వేరే సంగతి. పని పోవడం ఎవరికైనా జరిగేదే. పోయిందని దాచుకున్నవాని కోసం మాత్రం ఎవరూ వెతకరు.