కాకరతీగకి ఎండదెబ్బ

కడుపుమంటంటే ఏమిటో తజుకోకి డెబ్బై ఏళ్లు దాటాక తెలిసింది. ఆ మంట తెప్పించినవాడు పక్కింటి కురమోచి.

కుమగాయా ఊళ్లో వేసవి అంటే మాటలా! మనిషి కూర్చున్నచోటే ఉడికిపోతాడు. అందుకే ఆమె ఉండే వీధిలో అందరూ కిటికీల ముందు వల కట్టి కాకరతీగ పాకిస్తారు. ఆకుల నీడకి గది చల్లబడుతుంది, కరెంటు ఆదా అవుతుంది. తజుకో మాత్రం కరెంటు కోసం పెంచడం లేదు. పోయిన భర్త కిహాచి నాటిన తీగ నుంచి ఏటేటా విత్తనం తీసి దాచుకుంటూ వస్తోంది. నిరుడు కాయ పండకుండానే తీగ మాడిపోయింది. మిగిలిన పాత గింజలన్నీ ఈ ఏడు నాటేసింది. ఇవీ మాడితే కిహాచి విత్తనం అంతటితో సరి.

కురమోచి వీధి సంఘానికి పెద్ద. నిరుడు కొత్త ఏసీ కొని, దాని బయటి పెట్టెని సరిగ్గా ఆమె వలవైపు తిప్పి పెట్టించాడు. అందులోంచి వేడిగాలి పొద్దస్తమానం తీగ మొహాన కొడుతుంది.

తజుకో వెళ్లి నడుం వంచి మరీ అడిగింది.

"కురమోచిగారూ, ఆ పెట్టె కాస్త అటు తిప్పించరా? ఆకులు కమిలిపోతున్నాయి."

"ఏసీయా? అసలు మేం వేస్తేగా మామ్మగారూ! ముందువైపు మా కాకరతెర చూశారుగా, ఇల్లంతా చల్లగా ఉంటేను. మీ తీగకి తగిలింది ఎండదెబ్బ. నీళ్లు పోయండి, పాపం."

పచ్చి అబద్ధం! వీధిలో జరిగే కరెంటు ఆదా పోటీలో ఏటా బహుమతి అతనిదే మరి, ఏసీ వేస్తున్నానని ఎలా ఒప్పుకుంటాడు? అబద్ధాన్నైనా సహించేదేమో గానీ, ఆ 'పాపం' మాత్రం ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

తజుకో నోరు చేసుకోలేదు. చలికాలమంతా, గాలికి మోగే చిన్న గాజు గంటల మీద బొమ్మలు వేయడం ఆమెకి కాలక్షేపం. పోటీ రోజు పొద్దున్నే అటకమీది గంటలన్నీ దించి, కాగితపు తోకలు కట్టి, తన వలకే, వేడిగాలి కొట్టేచోట వరసగా వేలాడదీసింది. "ఇప్పుడు వేసుకో నాయనా నీ ఏసీ," అని గొణుక్కుంది.

మధ్యాహ్నం బహుమతి తేల్చడానికి మునిసిపాలిటీవాళ్లు వచ్చారు. వీధంతా చేరింది. ఎక్కడా ఆకు కదలడం లేదు.

"ఈ ఏడు ఏసీ మీట ముట్టుకుంటే ఒట్టు," అన్నాడు కురమోచి, తన తెర ముందు నిలబడి. "ఈ ఆకుల్ని చూస్తేనే ఒళ్లు చల్లబడుతుందండీ."

ఇంటి పక్కనుంచి గలగలగలమని ఒకటే మోత.

"గాలే లేదు కదా, ఏమిటా చప్పుడు?" అంది మునిసిపాలిటీ ఆవిడ.

"నా గంటలమ్మా," అంది తజుకో మెత్తగా. "మాయదారి గాలి, మా రెండిళ్ల మధ్యే వీస్తోంది."

కురమోచి మొహం కందగడ్డయింది. "ఒక్క నిమిషం," అంటూ లోపలికి పరుగెత్తాడు. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎవరో కిసుక్కుమన్నారు. చేపల కొట్టు ఒగినో పొట్ట పట్టుకుని, "పెద్దాయన లోపలికెళ్లి గాలిని కట్టేశాడ్రోయ్!" అన్నాడు. వీధంతా పగలబడి నవ్వింది.

బహుమతి పోయింది. తజుకోకి అది చాలలేదు. గంటలు అక్కడే ఉంచింది. ఏసీ వేస్తే చాలు గలగల; దారినపోయేవాళ్లు "గాలొచ్చిందండోయ్!" అని ఒకటే కేకలు. కొన్నాళ్లకి కురమోచే వచ్చి ఆమె గుమ్మంలో నడుం వంచాడు.

"తలెత్తుకోలేకపోతున్నాం మామ్మగారూ, ఆ గంటలు తీసేయండి."

"నా చేతిలో ఏముంది బాబూ? గాలికి మోగుతున్నాయి. గాలినే అడగండి."

చేసేది లేక పెట్టెని మార్పించాడు. మరోచోటు ఉంటేగా! ముందువైపు, అతని కాకరతెర కిందే పెట్టాల్సి వచ్చింది.

వేసవి చివర తజుకో తీగకి కాయ పండి, పసుపుపచ్చగా విచ్చుకుంది. లోపలి ఎర్రటి గుజ్జులోంచి గింజలు తీసి కిహాచి ఫొటో ముందు పెట్టింది. "దక్కాయండీ," అంది. కళ్లు తుడుచుకుంది. తర్వాత గొడుగు వేసుకుని తీరిగ్గా పక్కింటి ముందుకి నడిచింది.

కురమోచి నీళ్లడబ్బా పట్టుకుని, మాడిపోయిన తన తీగ ముందు నిలబడి ఉన్నాడు.

"అయ్యయ్యో, ఎండదెబ్బ తగిలిందే కురమోచిగారూ!" అంది తజుకో. "నీళ్లు పోయండి, పాపం."