ఎవరని అడగని రోజు

ముప్పై ఎనిమిదో కంప్యూటరు ముందు కూర్చునేసరికి తాళాలాయన నడుము మొరాయించింది. ఉదయం ఏడున్నర. ఊడ్చే మనిషి తప్ప ఆఫీసులో ఇంకా ఎవరూ లేరు. ప్రతి యంత్రాన్నీ తన పేరుతో తెరవడం, బ్రౌజరు నమ్మదగిన చిరునామాల జాబితాలో ఆఫీసు లోపలి సర్వరును చేర్చడం, పాస్‌వర్డు అడగకుండా లోపలికి పంపమన్న గడిలో టిక్కు పెట్టడం, పక్క బల్లకు జరగడం: ఇదీ ఆనాటి దిగ్విజయ యాత్ర. సామ్రాజ్యం అరవై నాలుగు బల్లలు. చక్రవర్తి చొక్కాకు రెండో బొత్తాం లేదు.

తాళాలు అతని దగ్గర ఏనాడూ లేవు. పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లకు పంతొమ్మిదేళ్లుగా కొత్తది ఇస్తున్నందుకు లోకం ప్రసాదించిన బిరుదది. అసలు పేరు ఎవరికీ అవసరపడలేదు. ఇంట్లో తలుపు మీది పలక మామగారిది, కరెంటు బిల్లు భార్యది. ఆఫీసులో ఏ ఉత్తర్వు కిందా, ఏ దస్త్రం మీదా అతని పేరు కనబడదు. ఫోనులో గొంతు తగ్గించి తమ మరపును ఒప్పుకునేవాళ్లను చూసి ఎన్నడూ నవ్వలేదన్నది ఒక్కటే అతని కీర్తి. అదీ అతనొక్కడికే తెలుసు.

వాళ్లందరిలో అగ్రగణ్యురాలు, వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే టపా అక్క. ప్రతి సోమవారం తొమ్మిదీ పదికి ఫోను మోగేది.

"తమ్ముడూ, మళ్లీ నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాననుకో."

"ఏం పర్లేదక్కా. ఆదివారం సెలవు మీకొక్కరికేనా? పాస్‌వర్డుకీ ఉండాలిగా."

ఈ సంభాషణ ఒక్క అక్షరమైనా మారకుండా పంతొమ్మిదేళ్లు సాగింది. ఇవాళా సోమవారమే, ఆమె పదవీ విరమణ కూడా ఇవాళే. ఆఖరి రోజైనా ఆ యంత్రం ఆమెను నిలదీయకూడదని, వచ్చే వారం చేయవలసిన పనిని అతడు పట్టుబట్టి ఇవాళే మొదలుపెట్టాడు. టిక్కు పెట్టాక తన పేరుతో తెరిచినదాన్ని మూసేయాలి. మూయడానికి ఒక్కోదానికీ మూడు నిమిషాలు. టైము చూసుకుని, అరవై నాలుగింటినీ తెరిచే ఉంచేశాడు.

తొమ్మిదింటికి సంబరం మొదలైంది.

"ఏమండోయ్ తాళాలాయనా!" అని సెలవుల గుమాస్తా మెట్ల మీంచే కేకేశాడు. "మీ సర్వరు మా అత్తగారికంటే నయమండీ. ఎవరు, ఎక్కణ్ణుంచి అని అడక్కుండా రానిచ్చేస్తోంది!"

"అత్తగారికి కూడా టిక్కు పెట్టమంటారా?"

"ఆ గడి మీక్కూడా దొరకదులెండి."

ఫోను మోగలేదు. శత్రువులందరూ నశించిన రాజులా అతడు దాని పక్కనే కూర్చుని, కొంచెం గర్వంగా, చాలా విసుగ్గా మధ్యాహ్నం గడిపాడు.

నాలుగున్నరకు అలవాటు కొద్దీ సర్వరులో ఆ రోజు నమోదులు తెరిచాడు. మొదటి వరుసలో చేసినవారి పేరు అతనిది. రెండోదీ అతనిదే. కిందికి జరిపాడు. నాలుగు వందల పన్నెండు వరుసలు, అన్నీ అతనివే. తనకు తానే రెండు రోజుల సెలవు అడిగి, తానే మంజూరు చేసుకున్నాడు. మూడో అంతస్తుకు కుర్చీలు కోరినదీ, కుదరదన్నదీ అతడే. ప్రసూతి సెలవు పొడిగించమని దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్లు ఎక్కడా కనబడని మనిషి ఒక్క రోజులో విశ్వరూపం దాల్చాడు.

కుర్చీలో కూర్చున్నది ఎవరో బ్రౌజరుకు అక్కర్లేదు. పొద్దున యంత్రాన్ని తెరిచినవాడి పేరే అది సర్వరుకు చెబుతుంది. ఆ సంగతి ఆఫీసు మొత్తంలో తెలిసిన ఒకే ఒక్కడికి చెవుల దాకా వేడెక్కింది.

మిగిలినవాళ్లకు రేపుంది, మళ్లీ నమోదు చేసుకుంటారు. రెండు వందల ఎనభై ఏడో వరుసకు మాత్రం రేపు లేదు. "ముప్పై ఒక్క ఏళ్లలో నా చేతికి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చేరవలసిన చోటికి చేర్చాను. నా దగ్గర ఏదీ మిగల్లేదు." టపా అక్క బాధ్యతలు అప్పగిస్తూ రాసిన మాటలవి. వాటి కింద అతని పేరు. అయిదింటికి ఆమె పేరు సర్వరు నుంచి తొలగిపోతుంది. ఈలోగా ఆమె యంత్రాన్ని ఆమె పేరుతో తెరిచి, ఆ రెండు వాక్యాలూ మళ్లీ రాయిస్తే చాలు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పైన వీడ్కోలు టీ నడుస్తోంది.

"అదిగో, వచ్చాడయ్యా ఇవాళ్టి మొనగాడు!" అన్నాడు ఆఫీసరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో అతని చేతిలో కాగితం కప్పు పెట్టారు.

టపా అక్క దగ్గరికొచ్చింది. "ఇన్నేళ్లూ ఎవరు నువ్వు, ఎవరు నువ్వు అని నా ప్రాణం తీసింది తమ్ముడూ. ఇవాళ చూడు, కూర్చోగానే లోపలికి రానిచ్చింది." చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది. "పోయే రోజునైనా గుర్తుపట్టింది."

"అక్కా, అది..."

"ఏంటి?"

చప్పట్లు కొట్టిన చేతులన్నీ అతని వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"టీ చల్లారిపోతోందక్కా."

గోడ గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఆ పన్నెండు నిమిషాలూ అతడు ఆమె పక్కనే నిలబడి, రుచి తెలియని బిస్కెట్టు నములుతూ, ఆఫీసరు చెప్పిన ప్రతి హాస్యానికీ నవ్వాడు. అయిదైంది. కింది గదిలో సర్వరు ఏ చప్పుడూ లేకుండా ఒక పేరు తీసేసింది.

"ఇక సోమవారాలు నీక్కూడా సెలవే పో," అని నవ్వుతూ ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక అతడు ఆమె కుర్చీలోనే కూర్చుని ఆఫీసరుకు రాశాడు. ఈ రోజు నా పేరున ఉన్న పనుల్లో ఒక్కటీ నాది కాదు. యంత్రాలు మూయకపోవడం మాత్రమే నాది. రెండు వందల ఎనభై ఏడోది టపా అక్కది. ఆమెకు చెప్పే వీలుండి కూడా చెప్పలేదు. సంతకం అడగకుండానే కింద అతని పేరు దానంతటదే పడింది. ఆ రోజు ఆ పేరు సరైన చోట పడడం అదే మొదటిసారి.

యంత్రాన్ని మూశాడు. తెర నల్లబడింది. కీబోర్డు పక్కన, కవర్లు తిప్పడానికి ఆమె చూపుడువేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు ఉండిపోయింది. పైన బొడిపెలన్నీ అరిగి నున్నబడ్డాయి గాని, లోపల వేలి వంపు ఇంకా అలాగే ఉంది.