పద్దెనిమిదో మూత

దగ్గరికి జరగండర్రా, కాళ్లు ముడుచుకుని కూర్చోండి. తిరువూరులో ఫోను చేయాలంటే ముందు మేరమ్మను అడగాల్సిన రోజుల మాట ఇది. డెబ్బై నాలుగు, మామిడికాయల కాలం.

ఎక్స్ఛేంజి అంటే ఒక గది, ఒక చెక్క బోర్డు, దాని ముందు మేరమ్మ. ఊళ్లో, చుట్టుపక్కలా ఉన్న పద్దెనిమిది ఫోన్లకూ బోర్డు మీద ఒక్కో కన్నం, దాని మీద ఒక్కో రేకు మూత. ఎవరైనా ఇంట్లో ఫోను హ్యాండిల్ తిప్పితే ఇక్కడ వాళ్ల మూత టక్కున పడేది. మేరమ్మ తీగ గుచ్చి మాట కలిపేది.

ఆ మధ్యాహ్నం నాగేశ్వరమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. కూతురు బాలామణికి తెల్లవారుజాము నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరేమో జీపులో పల్లెల మీదికి వెళ్లాడు. ఎటు వెళ్లాడో కాంపౌండరుకే తెలియదు.

మేరమ్మ ముందు బియ్యం మిల్లు శ్రీరాములుకు ఫోను కలిపింది.

"డాక్టరు గారి జీపు అటొచ్చిందా అండి?"

"రాలేదమ్మా. ఎవరికి బాలేదు? ఎవరి తాలూకు? మొన్న మా బావమరిదికీ ఇలాగే..."

మనవాళ్లు కుశలం అడగందే ఫోను పెట్టరు కదా. ఈ లెక్కన అందరినీ అడిగేసరికి పొద్దు గూకుతుందని నాగేశ్వరమ్మ మొత్తుకుంది.

మేరమ్మ ఉన్న తీగలన్నీ లాగి పద్దెనిమిది కన్నాల్లోనూ గుచ్చింది. అందరికీ ఒకేసారి గంట కొట్టింది. చెవి నిండా హలోలే.

"ఎవరూ మాట్లాడకండి, నేను మేరమ్మను. బాలామణికి కాన్పు కష్టంగా ఉంది. డాక్టరు గారి జీపు కనిపిస్తే ఆపి తిరువూరు పంపండి. విన్నవాళ్లు ఫోను పెట్టేసి హ్యాండిల్ ఒక్కసారి తిప్పండి, చాలు."

తీగలు పీకేసింది. టక్కు టక్కుమని మూతలు పడుతుంటే నాగేశ్వరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పదిహేడు. రెడ్డిగూడెం దారిలో హనుమయ్య తోట మూత పడలేదు.

"అక్కడెవరూ లేరేమోనమ్మా," అంది నాగేశ్వరమ్మ.

"వచ్చేదాకా కొడతానండి. వినలేదని తెలిశాక ఎలా ఊరుకుంటాం?"

ఆరోసారి గంట కొట్టాక హనుమయ్య పలికాడు. "కాయలు కోయిస్తుంటే ఏంటమ్మా నీ గోల? డాక్టరు గారా? మా పాకలోనే పప్పన్నం తింటున్నారు."

"చెయ్యి జీపులో కడుక్కుంటారు గానీ ముందు ఎక్కించండి."

వెంటనే మళ్లీ అన్ని తీగలూ గుచ్చి, దొరికారు, ఇక వెతకొద్దని మిగతావాళ్లకూ చెప్పింది. ఆ పని ఎవరూ ఆమెకు నేర్పలేదు, చూడండి.

దీపాలు పెట్టే వేళకు నాగేశ్వరమ్మ తిరిగొచ్చింది, అప్పుడూ చెప్పుల్లేవు. "అందరికీ గుచ్చమ్మా, ఈసారి నేను చెబుతాను."

ఫోను రెండు చేతులా పట్టుకుంది. "ఆడపిల్లండి. తల్లీ బిడ్డా క్షేమం."

శ్రీరాములు కూడా కుశలం అడగకుండానే ఫోను పెట్టేశాడు. మేరమ్మ తీగలు తీయగానే మూతలు పడ్డాయి, పద్దెనిమిదీ. మొదట పడింది హనుమయ్యదే.

రేపు మీ పిల్లలకు ఇది చెప్పేటప్పుడు ఏం మరిచినా సరే, పదిహేడు పడ్డాక కూడా మేరమ్మ ఆగలేదన్న మాట మాత్రం వదలకుండా చెప్పండి.