మేనేజరుగారి కూలరు

హెప్సిబా రెండేళ్లుగా కోదండరామయ్యను తిట్టుకోని రోజు లేదు. ప్రార్థన చేసుకునేటప్పుడు మాత్రం ఆపేది. ఆమెన్ అనగానే మళ్లీ మొదలు.

ఆయన ఏలూరులో ఒక నీటి పరీక్షల ల్యాబుకు మేనేజరు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లు సీసాల్లో నీళ్లు తెస్తే పరీక్ష చేసి, ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించి రిపోర్టులు ఇస్తారు. ఎక్కించే పని అప్పట్లో హెప్సిబాది. 2002 మే నెలలో ఒక మధ్యాహ్నం, కరెంటు కోతలో, పావుగంట నిలబడాల్సిన యూపీఎస్ మూడు నిమిషాలకే చతికిలబడింది. డిస్కు పాడై ఆ సీజను ఫలితాలన్నీ పోయాయి. రిపోర్టులు అందక, ఉండి ఊరి దగ్గర రెండు చెరువుల్లో చేప చచ్చి తేలింది. రైతులు వచ్చి ఆమె టేబులు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు.

కారణం ఆమెకు తెలుసు. మేనేజరుగారి గదిలో ఎయిర్ కూలరు ఉంది. భోజనమయ్యాక ఆయనకు కునుకు పట్టాలి. కరెంటు పోగానే అటెండరు నిత్యానందం కూలరు ప్లగ్గు పీకి యూపీఎస్ వైరుకు పెట్టాలి. ఆ ఆజ్ఞకు తిరుగులేదు. "అంత బరువు ఆ పెట్టె మొయ్యలేదు సార్" అని హెప్సిబా రెండుసార్లు చెప్పింది. ఆయన చెవిన వేసుకోలేదు. కొంప మునిగాక మాత్రం చకచకా కాగితం తీసి, 'అజాగ్రత్త వల్ల డేటా పోగొట్టినందున తొలగించడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. ల్యాబు యజమాని అబ్బాయిరాజుగారు అది నమ్మారు. చర్చిలో ఆమె వెనక వరసలోనే కూర్చునే నిత్యానందం తల వంచుకుని నేల చూశాడు.

ఆ కాగితం చూశాక ఏలూరులో ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి తాడేపల్లిగూడెంలో యూపీఎస్‌లు అమ్మి బాగుచేసే షాపులో చేరింది. తన నోటికాడ కూడు లాగేసిన పెట్టె లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో కసిగా నేర్చుకుంది.

2004 ఫిబ్రవరిలో ఆ ల్యాబు వాళ్లే ఆ షాపులో పెద్ద యూపీఎస్ కొన్నారు. బిగించడానికి హెప్సిబా వెళ్లింది.

"ఏమ్మా హెప్సిబా, బాగున్నావా? ఈ పనిలో పడ్డావన్నమాట. మంచిదేలే. టీ తాగుతావా?" అన్నాడు కోదండరామయ్య.

కసురుకున్నా బాగుండేది. చేసిన పని ఆయనకు గుర్తే లేదు. టీ వద్దని పని మొదలుపెట్టింది.

యూపీఎస్‌ను కేబులుతో కంప్యూటరుకు కలిపి సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. కరెంటు ఎప్పుడు పోయింది, బ్యాటరీ ఎంత ఉంది, దాని మీద లోడు ఎంత పడింది అన్నీ తేదీతో, నిమిషాలతో రాసుకుంటుందది. బ్యాటరీ అడుగంటితే కంప్యూటరును తనే పద్ధతిగా ఆపేస్తుంది. ఇక డేటా పోదు; పనిలో ఆమె మోసం చేయలేదు. కూలరు పెట్టే సాకెట్టును మాత్రం తెర మీద నుంచే విడిగా ఆపేలా అమర్చింది. లోడు హద్దు దాటితే హాల్లోని తెరలన్నిటి మీదా కనపడేలా ఒక మాట రాసిపెట్టుకునే వీలు కూడా ఉంది. అందులో ఒక వాక్యం టైపు చేసి, అది ఇప్పుడే కనపడకుండా ఆపిపెట్టి వచ్చింది.

మే నెలలో సర్వీసుకు వెళ్లే ముందు అబ్బాయిరాజుగారికి తనే ఫోన్ చేసింది. "కొత్త యూపీఎస్ పనితనం చూపిస్తానండి. కోత వేళకి ఓసారి దయచేయండి."

ఆయన వచ్చారు. కోదండరామయ్య పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటికే హెప్సిబా యూపీఎస్ రాసుకున్న పాత లెక్కలు చూసుకుని, తన వాక్యాన్ని నిద్ర లేపి ఉంచింది. సరిగ్గా ఒంటిగంటకు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మూడు కంప్యూటర్లూ నిక్షేపంలా వెలుగుతున్నాయి.

"చూశారాండీ? పట్టుబట్టి నేనే కొనిపించానండి" అన్నాడు కోదండరామయ్య.

ఫ్యాన్లు ఆగడం నిత్యానందం కూడా చూశాడు. గదిలో మేనేజరుగారు లేరన్న సంగతి అతనికి తట్టలేదు. కరెంటు పోయింది, ప్లగ్గు మార్చాలి. వెళ్లి మార్చాడు.

తెర మీద లోడు నలభై శాతం నుంచి తొంభై ఆరుకు లేచింది. ఇరవై రెండు నిమిషాలు వస్తుందన్న బ్యాటరీ ఆరు నిమిషాలకు దిగింది. మూడు తెరల మీదా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం పడింది: 'మేనేజరు గారి గదిలో కూలరు పెట్టారు.' ఫ్యాన్ల చప్పుడు లేని ఆ హాల్లోకి గోడ అవతల కూలరు రొద స్పష్టంగా వినపడుతోంది.

"ఏంటండీ ఇది, కోదండరామయ్యగారూ?" అన్నారు అబ్బాయిరాజుగారు.

కోదండరామయ్య గుమ్మం వైపు వేలు చూపాడు. "ఆ నిత్యానందం పనండీ. నాకు తెలియకుండా పెట్టేశాడు. ఇవాళే తీసేస్తానండీ వాణ్ణి."

గుమ్మంలో నిత్యానందం తల వంచుకుని నేల చూశాడు. ఆ వంచిన తల హెప్సిబాకు బాగా గుర్తుంది. పోనీ, పోతే పోనీ, తెలిసొస్తుంది అనిపించిందామెకు. కానీ ఇతను పోతే ఆ కుర్చీలో కోదండరామయ్య మిగిలిపోతాడు. అది మాత్రం ఆమె భరించలేదు.

తెర మీద పాత లెక్కలు తెరిచింది. "ఏప్రిల్ రెండో వారం చూడండి రాజుగారూ. ఆరు రోజులూ కరెంటు పోయిన రెండో నిమిషానికల్లా లోడు ఇలాగే లేచిందండి. ఆ ఆరు రోజులూ నిత్యానందం బాబాయ్ కూతురి పురుడికని కామవరపుకోటలో ఉన్నారని చర్చిలో విన్నాను. హాజరు పుస్తకం తెప్పించుకోండి."

పుస్తకం వచ్చింది. అబ్బాయిరాజుగారు తేదీలు సరిచూసి కళ్లజోడు తీశారు.

"బాబాయ్, నా ఉద్యోగం పోయిన రోజున ప్లగ్గు పెట్టిందెవరు?" అంది హెప్సిబా.

"నేనేనమ్మా. సారు పెట్టమన్నారు. చెబితే నన్నూ తీసేస్తారని భయపడ్డాను. తప్పయిపోయింది."

హెప్సిబా తెర మీది లెక్కలు మూసింది.

"తిరిగి పనిలోకి వస్తావామ్మా?" అన్నారు అబ్బాయిరాజుగారు.

"వద్దండి." సంచిలోంచి రెండేళ్లనాటి కాగితం తీసి టేబులు మీద పరిచింది. "దీన్ని రాసిన చేత్తోనే ఇది అబద్ధమని రాయాలండి. ఎందుకు రాశారో కూడా రాయాలి."

"రాయండి" అన్నారాయన, మేనేజరు వైపు చూడకుండానే.

కోదండరామయ్య లేచాడు. "అలాగేనమ్మా. గదిలో కూర్చుని నెమ్మదిగా రాసిస్తాను."

హెప్సిబా ఒక మీట నొక్కింది. గోడ అవతల కూలరు గరగరమని ఆగిపోయింది.

"ఇక్కడే రాయండి సార్. నా పాత టేబులు మీద."

ఆయన కూర్చుని రాశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నుదుటి మీది చెమట కారి, 'నా తప్పు' అన్నచోట టప్పున పడింది. హెప్సిబా కాగితం చేతిలోకి తీసుకుని మొత్తం చదివింది.

"చెమట పడి అలుక్కుపోయింది సార్. ఇంకోటి రాయండి" అంది.

కోత అయిపోవడానికి ఇంకా గంటన్నర ఉంది.