కలిసింది కానీ కరగలేదు

మిరపచేనులో చివరి నాలుగు సాళ్లు మాడిపోయాయి. చేను కౌలుకు చేస్తున్న పిచ్చయ్య, మందు కొట్టిన మాబును గట్టు మీదే నిలదీశాడు.

"ఒరేయ్, ఎవడి చేలోనో గడ్డిమందు కొట్టి, ట్యాంకు కడక్కుండా నా చేలోకొచ్చావు కదూ?"

"మూడుసార్లు కడిగానన్నా. అల్లా తోడు."

"అల్లా వచ్చి కడిగాడా నీ ట్యాంకు?"

పక్క చేల రైతులు చేరారు. "ఇక వీణ్ణి పిలవకూడదు," అన్నాడు చెంచురామయ్య. ఆ మాట ఊరు దాటితే మాబుకు కూడు లేదు.

పిచ్చయ్య భార్య ఎలీసమ్మ సాళ్లకేసి చూస్తోంది. కడగని ట్యాంకైతే ముందు మాడాల్సింది మొదటి సాళ్లు. అవి పచ్చగానే ఉన్నాయి. పైగా ఏ తెగులుకని మందు కొట్టించారో ఆ ఆకుమచ్చ కూడా వాటి మీద తగ్గలేదు.

మందు కొట్టిన రోజు డ్రమ్ములో నీళ్లతో దాన్ని కలిపింది తనే. ఊళ్లో ఎవరు మందు కొట్టించినా కలపడానికి ఆమెనే పిలుస్తారు. ఎప్పుడూ సీసా మందులే. ఆ రోజు మాత్రం నీలం పొడి.

ఆమె పాకలోకి నడిచింది. ఒక గాజుగ్లాసులో చెంచాడు యూరియా, ఇంకోదాంట్లో మిగిలిన పొడి వేసి, నీళ్లు పోసి కలిపింది. యూరియా జాడ లేకుండా పోయింది. రెండోది కాసేపు నీలంగా ఉండి, మెల్లగా తేటపడింది. పొడంతా అడుగున పేరుకుంది.

"కలిసిందా అక్కా?" అని ఆ రోజు మాబు అడిగాడు. "కలిసింది," అంది తను. కలిపే కర్ర పక్కన పెట్టేసి, బకెట్లు ముంచి ట్యాంకులు నింపుతూనే ఉంది.

ఎలీసమ్మ ఆ గ్లాసు పట్టుకుని గట్టు మీదకు వచ్చింది.

"వాణ్ణొదులయ్యా. తప్పు నాది. యూరియా కరిగిపోద్ది. ఇది కరగదు, కలుస్తదంతే. చెయ్యాపితే అడుక్కి దిగుద్ది. నేను ఆపాను. ముందు సాళ్లకి ఉత్త నీళ్లు పోశా, చివరి సాళ్లకి మడ్డంతా పోశా."

"పదిమందిలోనా చెప్పేది?" పిచ్చయ్య పళ్లు కొరికాడు.

"వాణ్ణి తిట్టింది పదిమందిలోనేగా?"

మాబు తలవంచుకుని ట్యాంకు భుజానికి ఎత్తుకున్నాడు.

"రేపు మా చేలోకి రా మాబూ," అన్నాడు చెంచురామయ్య. తర్వాత ఎలీసమ్మ వైపు చూడకుండా, "డ్రమ్ము దగ్గర మా ఇంటి మనిషే ఉంటదిలే," అన్నాడు.

ఆరేళ్లుగా అతని చేలో డ్రమ్ము దగ్గర నిలబడింది ఎలీసమ్మే.

"అట్నే అన్నా," అంది. "ఆ మనిషిని మాత్రం కర్ర వదలొద్దని చెప్పు."