చట్రం వెనక పసుపు

మా ఇంటికి చుట్టాలు రారు, బొమ్మలు వస్తాయి. ఏడాదికి ఒకటో రెండో. హైదరాబాదు నుంచి కారులో, దుప్పటి చుట్టుకుని, వెనక సీట్లో వందన అనే పిల్ల పక్కన కూర్చుని వస్తాయి. మధ్యాహ్నానికి దిగి సాయంత్రానికి వెళ్ళిపోతాయి. గురజాలలో ఈ మేడమీద గదిలో ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి నాకు అంతకు మించిన పండగ లేదు.

అవన్నీ మా ఆయన వేసినవి. ఆయన, గోపాలకృష్ణయ్య, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పిల్లలకి మామిడికాయ గీయడం నేర్పి, సెలవు దొరికితే సైకిలు వేసుకుని నాపరాయి గనుల వెంట తిరిగేవాడు. రాయి కొట్టేవాళ్ళని వేశాడు. సున్నపు బట్టీలు వేశాడు. లారీ కింద నిద్రపోతున్న క్లీనర్లని వేశాడు. మా పాలావిడ గేదెను రెండుసార్లు వేశాడు. నన్ను మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. అడిగితే, "నువ్వు కుదురుగా కూర్చోవు హైమా, నీ నోరు ఆగదు, ఎట్టా వేసేది?" అనేవాడు. నవ్వేసేదాన్ని గాని లోపల మండేది. గేదె కుదురుగా కూర్చుందా అని అడగాల్సింది.

ఆయన బతికుండగా ఆ బొమ్మల్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నరసరావుపేట డాక్టర్లు ఇద్దరు ముగ్గురు, ఒక ప్లీడరు గారు మొహమాటానికి కొన్నారు. ఆయన పోయాక గుంటూరు నుంచి ఒక వ్యాపారి వచ్చి, స్కూలు స్టోరురూములో మిగిలిన బొమ్మల్ని పాతచీరల్లో కట్టిన కట్టలు కట్టినట్టే తీసుకుపోయాడు. నేను విప్పి చూడలేదు. చూడటానికి మనసు ఒప్పలేదు. తర్వాత ఎవరో పెద్దలు మెచ్చుకున్నారట, ఇప్పుడు ఆ బొమ్మల మీద వేలంపాటలు జరుగుతున్నాయి. అమ్మేసిన వస్తువు కదా, వాటితో నాకు లావాదేవీ ఏమీ లేదు.

కాని పాటకి పెట్టేముందు ఒక తంతు ఉంది. ఆ బొమ్మ ఆయనదేనని ఇంటివాళ్ళు చూసి సంతకం పెట్టాలి. అది లేకపోతే కొనేవాళ్ళు నమ్మరు. ఇంటివాళ్ళంటే మిగిలింది నేనే. అందుకని వేలంపాటల కంపెనీ వాళ్ళు వందనను పంపుతారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల నన్ను ఆంటీ అంది. నీకు ఆంటీని ఎప్పుడయ్యానని కసిరితే, అప్పటినుంచి పెద్దమ్మా అంటోంది. అన్నం తినందే సంతకం పెట్టనని నేనొక షరతు పెట్టాను. గోంగూర కలుపుకుంటూ తన కంపెనీ సంగతులు చెప్పేది. అమ్మేవాడు ఇంతకు తగ్గితే ఇవ్వనని ముందే ఒక ధర చెవిలో చెప్పుకుంటాడట. పాటకి వచ్చినవాళ్ళకి అది తెలియనివ్వరట. పాట అంతదాకా వెళ్ళకపోతే బొమ్మ అమ్ముడుపోకుండానే ఇంటికి తిరిగెళ్తుందట. పూర్వం విదేశాల్లో కొవ్వొత్తి వెలిగించి పాట మొదలెట్టేవారట, అది కొండెక్కేలోపు ఆఖరున ఎవరు పాడితే వాళ్ళదే సరుకు. మా ఊళ్ళో వినాయకుడి లడ్డూకి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గొంతు చించుకుంటారు. వీళ్ళది ఒక చిన్న చెక్క సుత్తి, ఒక్క దెబ్బ. ఆ మాటలన్నీ నాకు అవసరమా? కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి నాకు.

బొమ్మకి ఎక్కడెక్కడ చీలికలు ఉన్నాయో, ఎక్కడ చెమ్మ తగిలిందో వాళ్ళు ఒక రిపోర్టు రాసుకుంటారు. ఒకసారి వందన అది చదివి వినిపిస్తూ, "వెనక చట్రం మీద పసుపు రంగు మరక" అంది. నాకు నవ్వాగలేదు.

"మరక కాదే పిచ్చిదానా, నేను పెట్టిందే అది. ఇంట్లోంచి ఏ బొమ్మ బయటికి పోయినా ఎనకాల చెక్క మీద పసుపు రాసి పంపేదాన్ని. ఆడపిల్లకి బొట్టు పెట్టకుండా పంపుతామా? ఆయనేమో, ఏందే ఇది, పచ్చడి మరక అనుకుంటారు జనం అని తిట్టేవోడు."

వందనకి అది ఎంత నచ్చిందో. గుమ్మానికి ఆనుకుని గరిటె పట్టుకున్న నన్ను ఫోటో తీసి, ఆ పసుపు కథంతా రాసి, వాళ్ళ కేటలాగులో వేసింది. ఆ పుస్తకం పట్టుకెళ్ళి కింద టైలరింగ్ చేసే ఖాతూన్ బీకి చూపించాను. వీధిలో ఇంకా కొందరికి చూపించాను. అబద్ధం ఎందుకు, గర్వపడ్డాను.

మొన్న వేసవి మొదట్లో వందన ఫోన్ చేసి, ఈసారి చూస్తే మీరు నమ్మలేరు పెద్దమ్మా అంది. కారు దిగేటప్పుడే మొహం వెలిగిపోతోంది. దుప్పటి విప్పి బొమ్మను ఎదుటి గోడకి ఆనించింది.

గుమ్మంలో ఒక ఆడది నిలబడి ఉంది. కొంగు బొడ్లో దోపుకుంది. చేతిలో గరిటె. నేనే. పాతికేళ్ళు వెనక్కి వెళ్ళిన నేను. ఏదో అనబోతున్నట్టు నోరు కాస్త తెరిచి ఉంది. కింద ఆయన సంతకం.

"ఆయన వేసిన చివరి బొమ్మట పెద్దమ్మా. గుంటూరు ఆయన కొన్న కట్టల్లో వచ్చిందట. పేరు 'హైమ'."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దొంగమొహం మనిషి, వేసినవాడు చూపించొచ్చు కదా? స్టోరురూములో దాచిపెట్టుకుని పోయాడు. నేను విప్పని కట్టల్లో నన్నే కట్టిపెట్టి ఇచ్చేశాను కదా అనుకున్నాను. ఆ పూట అన్నం వడ్డించడం మర్చిపోయాను. వందనే పెట్టుకుని, నాకూ పెట్టింది. తింటున్నంతసేపూ ఆ బొమ్మనే చూశాను. ఇన్నేళ్ళ నా మంట చల్లారినట్టయింది.

వాళ్ళ పెద్ద, భానుప్రకాష్ అని, ఫోన్ చేశాడు. "కంగ్రాట్స్ అమ్మా. ఈసారి కేటలాగు కవర్ మీద మీరే. ప్రింటుకి కూడా వెళ్ళిపోయింది. సంతకం ఒక్కటే తరువాయి."

పెన్ను తీసుకున్నాను. అప్పుడు వందన బొమ్మను మెల్లగా వెనక్కి తిప్పింది.

"చూడండి పెద్దమ్మా, మీ పసుపు కూడా ఉంది."

ఉంది. చెక్క మీద, కింద ఎడమమూల, నేను పెట్టే చోటే. మొదట సంతోషించాను. తర్వాత నా చెయ్యి ఆగిపోయింది.

ఆయన పోయాక ఆ కట్టల్లో వెళ్ళిన వేటికీ నేను పసుపు పెట్టలేదు. పెట్టకూడదని చెప్పడానికి ఊళ్ళో అమ్మలక్కలు ఉండనే ఉన్నారు. వాళ్ళు చెప్పకపోయినా నాకు చెయ్యి రాలేదు. ఆ సంగతి వందనకి చెప్పలేదు. ఎందుకు చెప్తాను?

అటు తిప్పి ఇటు తిప్పి ఆలోచించాను. నేను పసుపు పెట్టిన బొమ్మయితే నేను చూసి ఉండాలి. నేను చూడని బొమ్మయితే దానికి పసుపు ఉండకూడదు. ఆయనే పెట్టాడేమో అనుకుందామని చూశాను. ఆయన పెట్టడు. మళ్ళీ ముందుకు తిప్పి చూస్తే, ఆ నిలబడ్డ తీరు, ఆ గరిటె, వందన తీసిన ఫోటోలోవే. ఎవడో కేటలాగు చదివి, ఫోటోలో మొహానికి ముడతలు తీసేసి వేశాడు.

సంతకం పెడితే ఏం పోతుంది? మా ఆయన చివరి రోజుల్లో నన్ను వేసుకున్నాడని లోకం అంతా అనుకుంటుంది. కొన్నాళ్ళకి నేనూ అనుకుంటాను. వందన వస్తూనే ఉంటుంది. పెట్టకపోతే ఇవేవీ ఉండవు. ఇంత ఆశ నాలో ఉందని నాకే తెలియదు. కాని ఆయన రాళ్ళ మధ్య ఎండలో మాడి వేసిన బొమ్మల పక్కన ఈ దొంగబొమ్మను ఎట్లా కూర్చోబెట్టను?

"ఇది ఆయన వేసింది కాదమ్మా," అన్నాను.

వందన ముందు నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. పసుపు సంగతి చెప్పాను.

"మీరు మర్చిపోయి ఉండొచ్చు కదా పెద్దమ్మా?"

"ఆయన నన్ను వేస్తే మర్చిపోతానటే?"

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. "నేను రాయబట్టే కదా ఇదంతా," అంది.

"నేను వాగబట్టి. మనిషి దొరక్క దొరికావు, వాగాను."

భానుప్రకాష్‌కి ఫోన్‌లో చెబితే ప్రింటైన కవర్ల సంగతేంటని గొణిగాడు. తర్వాత మర్యాదగానే, ఇకముందు ఇంత శ్రమ మీకు ఇవ్వములెండి, మా నిపుణులతోనే చూపించుకుంటాం అన్నాడు. ఇక వందనను పంపరని అర్థమైంది నాకు.

వందన కాగితం తీసి, కాదన్నందుకు కారణం రాయాలంది.

"పసుపు సంగతి రాయమాక. రాస్తే ఈ దొంగబొమ్మలు వేసేవాళ్ళు ఈసారి అది కూడా సరిచేసుకుంటారు."

"మరి ఏం రాయను పెద్దమ్మా?"

"ఆయన పెళ్ళాన్ని ఎప్పుడూ వెయ్యలేదని రాయి."

వందన పెన్ను కాగితం పక్కన పెట్టేసింది. రాయమ్మా అని నేనే గదమాయించాను. రాసింది. కింద సంతకం పెట్టాను.

దుప్పటి చుట్టబోతుంటే, కాసేపు ఉండనీ, ఎండ పడమటికి తిరిగాక పొమ్మన్నాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ గుమ్మంలో ఆడదాన్ని చూశాం. వేసినవాడెవడో గాని, కుదురుగా నిలబెట్టాడు నన్ను.

కారెక్కుతూ వందన, మళ్ళీ వస్తాను పెద్దమ్మా అంది. ఆ పిల్లకి అబద్ధం ఆడటం రాదు.

పైకి వచ్చి చూస్తే, బొమ్మ ఆనించిన చోట నేల మీద కాస్త పసుపు రాలి ఉంది. కొత్త పసుపు, ఇంకా చెక్కలోకి ఇంకలేదు. చీపురు తెచ్చాను. నిలబడి చూసి, రేపు ఊడుద్దాంలే అని మూలన పెట్టేశాను.