నొప్పి చెబితే నిద్రపుచ్చుతారని

గొడుగు అన్నాను, గొడుగే కదా, నల్లగుడ్డ, వంకర పిడి, ఒకటో తరగతి పిల్లలకు నేను చూపించే అట్టబొమ్మలాంటిదే, ఇప్పుడు నాకు చూపిస్తున్నారు, తిరుపతి ఆసుపత్రిలో ఈ చల్లటి గదిలో, తల కదలకుండా బిగించి, తెర అవతల పెద్ద డాక్టరు నా పుర్రె తెరిచి మెదడులోని గడ్డను తీస్తుండగా, ఇవతల మత్తు డాక్టరమ్మ కృపారాణి నా మొహం దగ్గరే కూర్చుని, బాగ చెప్పినారు టీచరమ్మా, ఈపొద్దు మీరే పిల్లకాయ, తప్పు చెబితే గోడకుర్చీ ఏయిస్తా అంటోంది, నవ్వాను, తాళంచెవి అన్నాను, నేను పేర్లు చెబుతూ ఉంటేనే మాట ఉన్న చోటు ఆయనకు తెలుస్తుందట, అక్కడ కత్తి పెట్టడట, మాట పోతే బడి పోతుంది, బడి కూడా పోతే ఇంట్లో ఆ ఖాళీ కుర్చీ, నేను, అరటిపండు.

చెవి పైన ఏదో లాగింది, మొద్దుబారిన చోట కాదు, దాని పక్కన, కణత నుంచి దవడ దాకా, మెదడుకు నొప్పి తెలీదు టీచరమ్మా, పైన తోలుకి, కండకి తెలుస్తాది, సూదిమందు ఏస్తాం, అయినా నొప్పొస్తే చెప్పాల అని నిన్ననే చెప్పింది, చెప్పను, చెబితే మందిస్తారు, మందిస్తే నిద్ర వస్తుంది, ఆ నిద్ర నాకు తెలుసు, పోయిన కార్తీకంలో మా ఆయనకు ఊపిరి అందక యంత్రం పెట్టే ముందు అదే ఇచ్చారు, రొంతసేపు పండుకుంటా లోకా, నువ్వు పోయి కాఫీ తాగిరాపో అన్నారు, తాగి వచ్చాను, ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు, కత్తెర, కత్తెర అన్నాను, గొంతు బాగానే ఉంది, పళ్ళు బిగిస్తే ఓర్చుకోవచ్చు.

ఇది పిట్ట, గోధుమరంగు, బడి కిటికీలో గూడు కడుతుంది, పేరు, దాని పేరు, కణతలో నిప్పు పెట్టినట్టుంది, పేరు రావడం లేదు, పక్కన యంత్రం గబగబా కొట్టుకుంటోంది, తెర అవతల చేతులు ఆగిపోయాయి, అంతే, మాట పోయింది అనుకున్నాను, టీచరమ్మా, నన్ను సూడండి అంటోంది కృపారాణి, పెద్దసారు ఆగినారు, మాట ఉండేది ఆణ్నే అనుకొని గడ్డ వదిలేస్తారు, నిజంగా పేరు రాలేదా, నొప్పి దాస్తాండారా, మీ గుండె ఎట్ల కొట్టుకుంటాందో నాకు ఈడ కనపడతాంది, నిద్ర వద్దు అన్నాను, నాకే వినిపించేంత చిన్నగా, నిద్ర మందు వేరే, నొప్పి మందు వేరే తల్లీ, నిద్రపుచ్చను, నొప్పి ఉన్న తావులోనే సూది ఏస్తా, యాడుండాదో చెప్పు.

నొప్పిగా ఉంది అన్నాను, ఇక్కడ, చాలా ఉంది, ఎప్పటి నుంచో ఉంది, సూది దిగింది, మంట మెల్లగా వెనక్కి పోతోంది, పిచ్చుక, పిచ్చుక అన్నాను, తెర అవతల చేతులు మళ్ళీ కదిలాయి, నిద్ర రాలేదు, ఆమె మొహం కళ్ళ ముందే ఉంది, నా కన్నీళ్ళు తుడుస్తోంది, మా ఆయన కర్మ అయిన మరునాడే బడికి పోయి, ఎట్లుండారు టీచరమ్మా అన్న ప్రతివాళ్ళకీ బాగున్నాను అని బదులిచ్చాను, మాట ఎక్కడ పోతుందోనని ఇంత వణికిన నేను, ఆయన పోయినప్పటి నుంచి నొప్పిగా ఉందన్న మాట ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పనే లేదు.